220లోంచి వయసు తీసేస్తే వచ్చేది మీ గుండె హద్దు కాదు

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకీ తెలుస్తుంది. మీకు 46 ఏళ్లు. కొన్నాళ్లుగా పొద్దున్నే నడుస్తూ, మధ్యలో కాసేపు జాగింగ్ చేస్తున్నారు. మీ వయసుకి హార్ట్ రేట్, అంటే నిమిషానికి గుండె కొట్టుకునే లెక్క, 220 − 46 = 174 దాటకూడదని జిమ్ ట్రైనర్ చెప్పారు. పోయిన వారం జాగింగ్‌లో వాచ్ 178 చూపించి ఎర్రరంగులోకి వెళ్లేసరికి భయపడి ఆపేశారు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో చేసిన టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే పరీక్ష) రిపోర్ట్‌లో మాత్రం మ్యాక్స్ హార్ట్ రేట్ 152 అని ఉంది. పొద్దున లేవగానే పల్స్ 72. మీ ఆవిడకి 42, థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు, కాస్త నడిస్తేనే గుండె దడదడలాడుతుందంటున్నారు. నాన్నగారికి 71, బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నారు. డిసెంబరులో ముగ్గురూ అలిపిరి మెట్ల దారిన తిరుమల నడవాలని మొక్కుకున్నారు. ఎవరు ఎంత హార్ట్ రేట్ దాకా వెళ్లవచ్చో చెప్పమన్నారు.

గుండెజబ్బు తర్వాత కోలుకునేవాళ్లకి వ్యాయామం చేయించడం నా వృత్తి. టీఎంటీ గదిలో చాలా ఏళ్లు గడిపాను. కాబట్టి మొదటి ప్రశ్నకి నేరుగా జవాబు చెప్తాను. 178 కనిపించినంత మాత్రాన మీ గుండెకి ఏదో అయిపోతుందని టెన్షన్ పడాల్సిన పని లేదు. 174 మీ గుండె దాటకూడని గీత కాదు, మీ వయసువాళ్ల సగటు అంచనా. ఇంకో మాట. ఆ సమయంలో పక్కనున్న ఫ్రెండ్‌తో మాట్లాడుతూనే ఉన్నానని మీరే రాశారు. గరిష్ఠ వేగానికి దగ్గరగా ఉన్న మనిషి మాట్లాడలేడు, ఒక్కో మాటకీ ఊపిరి అందుకోవాల్సి వస్తుంది. అంటే రెండిట్లో ఒకటి జరిగి ఉండాలి. వాచ్ తప్పు చూపించింది, లేదా మీ అసలు గరిష్ఠం 174 కంటే బాగా ఎక్కువ. రెండూ మామూలుగా జరిగేవే.

ఈ 220 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దానికి ఎంత విలువ ఇవ్వాలో మీకే అర్థమవుతుంది. 1970 ప్రాంతంలో అమెరికా ప్రజారోగ్య శాఖలో గుండెజబ్బుల కార్యక్రమం చూస్తున్న డాక్టర్ శామ్యూల్ ఫాక్స్, ఆయనతో పనిచేసే విలియం హాస్కెల్ ఒక సమావేశానికి సిద్ధమవుతున్నారు. గుండెజబ్బు ఉన్నవాళ్లు ఎంత గట్టిగా వ్యాయామం చేయవచ్చన్నది అక్కడి చర్చ. అప్పటికే అచ్చయిన ఓ పది పరిశోధనల్లోంచి వయసులూ, గరిష్ఠ హార్ట్ రేట్లూ తీసి గ్రాఫ్ మీద చుక్కలు పెట్టారు. చుక్కల మధ్యగా గీత గీస్తే 20 ఏళ్లకి 200, 40కి 180, 60కి 160 దగ్గర పడింది. 220లోంచి వయసు తీసేస్తే సరిపోతుందని అలా తేలింది. ఆ చుక్కల వెనకున్న మనుషుల్లో ఎక్కువమంది 55 లోపువాళ్లు. పొగ తాగేవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. 1971లో అది ఒక వైద్య పత్రికలో వచ్చింది. గుర్తుపెట్టుకోవడం తేలిక కాబట్టి జిమ్ గోడల మీద చార్టుల్లోకి, ట్రెడ్‌మిల్ ప్యానెళ్ల మీదికి, చివరికి మన మణికట్టు మీదికి వచ్చేసింది. మనుషులు దీన్ని పట్టుకుని తమ ట్రైనింగ్ నడిపించుకోవాలన్నది తమ ఉద్దేశం కాదని హాస్కెల్ తర్వాత తనే చెప్పారు. 2002లో రాబర్గ్స్, లాండ్‌వేర్ అనే ఇద్దరు పరిశోధకులు దీని మూలం వెతుక్కుంటూ వెళ్లి, ఈ సూత్రాన్ని రాబట్టడానికి విడిగా చేసిన పరిశోధనంటూ ఏదీ లేదని తేల్చారు.

వయసుతో గరిష్ఠ హార్ట్ రేట్ తగ్గుతుందన్నది మాత్రం నిజం. గుండె కొట్టుకునే వేగాన్ని నిర్ణయించేది కుడి పై గదిలో ఉండే సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు. వయసుతో ఆ కణాలు నెమ్మదిస్తాయి, అడ్రినలిన్ ఇచ్చే ఉత్సాహానికి వాటి స్పందన కూడా తగ్గుతుంది. మందులతో నరాల ప్రభావం మొత్తం ఆపేసి, గుండెని దాని మానాన వదిలేస్తే ఎంత వేగంతో కొట్టుకుంటుందో జోస్ అనే వైద్యుడు 1960ల్లో కొలిచారు. ఆయన లెక్క ప్రకారం 20 ఏళ్ల మనిషికి అది సుమారు 107, 60 ఏళ్లవాళ్లకి 84. ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. వ్యాయామం చేస్తే గరిష్ఠ హార్ట్ రేట్ పెరగదు. బాగా సాధన చేసినవాళ్లలో కొంచెం తగ్గనూ వచ్చు. సాధనతో మారేది ఒక్కో దెబ్బకి గుండె పంపే రక్తం, విశ్రాంతిగా ఉన్నప్పటి పల్స్, ఆగాక ఎంత త్వరగా దిగివస్తుందన్నది. కాబట్టి మీ ఫ్రెండ్‌కి 190, మీకు 170 ఉందంటే ఆయన గుండె మీకంటే గట్టిదని కాదు. అది పుట్టుకతో వచ్చే తేడా, ఎత్తులో తేడా ఉన్నట్టే.

220 కంటే మెరుగైన లెక్కలు తర్వాత వచ్చాయి. 2001లో తనాకా బృందం 351 పరిశోధనల్లోని 18,712 మంది అంకెలు కలిపి చూసి, వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేయమంది. నార్వేలో 3,320 మందిని ట్రెడ్‌మిల్ మీద అలిసిపోయేదాకా పరుగెత్తించి 2013లో ఇంకో లెక్క ఇచ్చారు. వయసుని 0.64తో గుణించి 211లోంచి తీసేయాలి. మీ 46కి పాత లెక్క 174, తనాకా 176, నార్వే 182 ఇస్తాయి. 40 ఏళ్ల దగ్గర పాత లెక్క, తనాకా లెక్క ఒకటే అవుతాయి. అక్కణ్ణుంచి వయసు పెరిగేకొద్దీ 220 లెక్క పెద్దవాళ్లకి అన్యాయం చేస్తుంది. మీ నాన్నగారి 71కి అది 149 అంటే, తనాకా 158 అంటుంది. మాత్రల సంగతి పక్కన పెట్టి చూసినా తొమ్మిది తేడా. పాత లెక్క పట్టుకుని పెద్దవాళ్లని అవసరమైన దానికంటే నెమ్మదిగా నడిపించేస్తూ ఉంటాం.

అయితే ఏ లెక్క వాడినా ఒక ఇబ్బంది పోదు. ఒకే వయసు ఆరోగ్యవంతుల మధ్యే తేడా చాలా ఎక్కువ. తనాకా లెక్క 176 అందంటే, మీ వయసువాళ్లు వందమందిని తీసుకుంటే సుమారు 68 మంది 166కీ 186కీ మధ్య ఉంటారు. దాదాపు 95 మంది 156కీ 196కీ మధ్య. మిగతా కొద్దిమంది దానికీ బయట. ఊళ్లో మగవాళ్ల చెప్పుల సగటు సైజు ఎనిమిది అని తెలిసినంత మాత్రాన మీరు కాలు పెట్టి చూసుకోకుండా ఎనిమిదే కొనేయరు కదా. ట్రెడ్‌మిల్ మీద 68 ఏళ్ల రిటైర్డ్ టీచర్ గారు 172 దాటి, కాళ్లు లాగుతున్నాయి తప్ప ఇంకేం లేదనడం చూశాను. 35 ఏళ్ల కుర్రాడు చొక్కా తడిసిపోయి, ఇక నావల్ల కాదని దిగిపోతే 169 కూడా దాటకపోవడమూ చూశాను. ఇద్దరి ఈసీజీ, బీపీ బాగానే ఉన్నాయి. ఇద్దరికీ లెక్కే తప్పింది.

ఇప్పుడు వాచ్ గురించి. మణికట్టు వాచ్ ఆకుపచ్చ లైటు వేసి, చర్మం కింద రక్తం ఎలా పొంగుతుందో చూసి లెక్కపెడుతుంది. కూర్చున్నప్పుడు, మామూలుగా నడిచేటప్పుడు బాగానే చూపిస్తుంది. జాగింగ్‌లో చెయ్యి ఊగుతుంది, పట్టీ వదులుగా ఉంటే వాచ్ కదులుతుంది, అప్పుడది గుండె దెబ్బలకి బదులు అడుగుల్ని లెక్కేయడం మొదలుపెడుతుంది. జాగింగ్‌లో నిమిషానికి 160 నుంచి 180 అడుగులు పడతాయి కాబట్టి, ఆ తప్పు అంకె హార్ట్ రేట్‌లాగే కనిపిస్తుంది. మీ ఫోన్ యాప్‌లో ఆ రోజు రికార్డు తెరిచి హార్ట్ రేట్ గ్రాఫ్, అడుగుల గ్రాఫ్ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. జాగింగ్ మొదలెట్టిన కొద్ది సెకన్లలోనే హార్ట్ రేట్ నిట్టనిలువుగా లేచి అడుగుల అంకె దగ్గరే అతుక్కుపోయి ఉంటే, అది మీ గుండె కాదు. నిజంగా గుండె వేగం పెరిగితే గీత ఒకటి రెండు నిమిషాలు తీసుకుని వంపుగా ఎక్కుతుంది. ఇకమీదట వాచ్‌ని మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైన, కదలకుండా బిగుతుగా పెట్టుకోండి. అంకె నిజంగా అవసరమనుకుంటే ఛాతీకి కట్టుకునే పట్టీ కొనుక్కోండి. అది గుండె విద్యుత్తునే చదువుతుంది కాబట్టి పరుగులో కూడా నమ్మవచ్చు.

ఏమీ కొనకుండా చూసుకునే పద్ధతి కూడా ఉంది. ఆగిన వెంటనే బొటనవేలి మొదట్లో మణికట్టు లోపలివైపు రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. బొటనవేలితో చూడకండి, దానికి సొంత నాడి ఉంటుంది. ఆలస్యం చేస్తే అంకె పడిపోతుంది. మెడ దగ్గర చూసేటప్పుడు రెండువైపులా ఒకేసారి నొక్కకూడదు, గట్టిగానూ నొక్కకూడదు, కళ్లు తిరుగుతాయి.

టీఎంటీ రిపోర్ట్‌లో 152 చూసి అదే మీ గరిష్ఠం అనుకుంటున్నారు. కాదు. ఇది దాదాపు ప్రతి ఒక్కరూ పడే పొరపాటు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. టీఎంటీ ఉద్దేశం మీ గరిష్ఠం కనుక్కోవడం కాదు. గుండెకి పని పెరిగినప్పుడు రక్తం సరిపోతోందా లేదా అని ఈసీజీ గీతల్లో చూడటం. సాధారణంగా వాడే బ్రూస్ పద్ధతిలో ట్రెడ్‌మిల్ గంటకి 2.7 కిలోమీటర్ల వేగంతో, 10 శాతం ఏటవాలుతో మొదలై ప్రతి మూడు నిమిషాలకీ వేగమూ ఎత్తూ రెండూ పెరుగుతాయి. లెక్క ప్రకారం వచ్చిన గరిష్ఠంలో 85 శాతం దాటితే పరీక్షకి సరిపడా పని జరిగినట్టు లెక్క. మీకు ఆ లెక్క 174, దాంట్లో 85 శాతం 148. మీరు 152కి వెళ్లారు, అంటే 87 శాతం. అక్కడ చాలినంత సమాచారం దొరికింది, ఆపేసి ఉంటారు. రిపోర్ట్‌లో ఆపడానికి కారణం అని ఒక వరుస ఉంటుంది, చూడండి. టార్గెట్ హార్ట్ రేట్ చేరినందున అని ఉంటే మీ అసలు గరిష్ఠం ఎంతో ఆ కాగితానికి తెలియదు. అలసట వల్ల అని ఉన్నా, మీరు ముందు కడ్డీని గట్టిగా పట్టుకుని నడిచి ఉంటే గుండెకి పడాల్సిన పని సగం చేతులు మోసేసినట్టే. ఫలితం నెగెటివ్ అని, అంటే రక్తం చాలడం లేదన్న గుర్తులు కనపడలేదని వచ్చిందన్నారు కాబట్టి, జాగింగ్ కొనసాగించడానికి ఆ కాగితంలో మీకు పనికొచ్చే ముఖ్యమైన సమాచారం అదే.

ఇక రోజూ ఎలా వాడుకోవాలి. గరిష్ఠం ఒక్కదాన్నీ పట్టుకుని శాతాలు వేసుకునే బదులు, విశ్రాంతి పల్స్‌ని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి మంచిది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త మార్టి కార్వోనెన్ 1957లో చేసిన పని నుంచి వచ్చింది. గరిష్ఠంలోంచి విశ్రాంతి పల్స్ తీసేస్తే గుండె దగ్గర ఇంకా ఎంత నిల్వ ఉందో వస్తుంది. ఆ నిల్వలో కావలసిన శాతం తీసుకుని, మళ్లీ విశ్రాంతి పల్స్ కలపాలి. మీకు 176 − 72 = 104. ఓ మోస్తరు వ్యాయామం అంటే నిల్వలో 40 నుంచి 59 శాతం, కాబట్టి మీకు 114 నుంచి 133. గట్టి వ్యాయామం 60 శాతం నుంచి, అంటే 134 పైన మొదలై 165 దాకా. కొన్ని నెలల్లో మీ విశ్రాంతి పల్స్ 72 నుంచి 64కి దిగితే మోస్తరు హద్దులు 109, 130 అవుతాయి. విశ్రాంతి పల్స్‌ని పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందు, కాఫీ తాగకముందు, నిమిషం నిండా లెక్కపెట్టి చూడాలి. నాలుగైదు రోజుల సగటు తీసుకోండి.

మీకు అసలు ధైర్యం ఇవ్వాల్సింది ఇక్కడుంది. మీ నిజమైన గరిష్ఠం 166 అయినా, 186 అయినా, మోస్తరు వ్యాయామానికి మీ కింది హద్దు 110 నుంచి 118 మధ్యలో, పై హద్దు 127 నుంచి 139 మధ్యలో ఎక్కడో ఉంటుంది. అంచనా పది తప్పినా కింద తేడా నాలుగు, పైన ఆరు. రోజూ చురుకుగా నడిచేవాళ్లకి ఆ తేడా లెక్కలోకే రాదు. అదే నిల్వలో 90 శాతం దగ్గర ఇంటర్వెల్స్ (కాసేపు బాగా గట్టిగా, కాసేపు నెమ్మదిగా) చేసేవాళ్లకి, 166 గరిష్ఠం ఉన్న మనిషికి 157 అయ్యేది 186 ఉన్నవాళ్లకి 175 అవుతుంది. అక్కడ తప్పు అంకె పట్టుకుంటే ఒకరు ఊరికే ఒళ్లు హూనం చేసుకుంటారు, ఇంకొకరు అసలు కష్టపడకుండానే అయిపోయిందనుకుంటారు. అందుకే నడక, తేలిక జాగింగ్ చేసేవాళ్లు గరిష్ఠం కోసం ప్రయాస పడనక్కర్లేదు. హాఫ్ మారథాన్‌కి టైమ్ పెట్టుకుని సాధన చేసేవాళ్లకే అది అవసరం.

అంకెతో పాటు ఊపిరిని కూడా అడగండి. చిన్నప్పుడు కంఠతా పట్టిన నాలుగు పాదాల పద్యం ఏదైనా నడుస్తూ పైకి చదవండి. రాగంతో, ఎక్కడా ఆగకుండా పాడగలిగితే తేలికగా నడుస్తున్నారు. పాడలేక, మామూలుగా మాట్లాడినట్టు చదవగలిగితే మోస్తరు. పాదం మధ్యలో ఊపిరికోసం ఆగాల్సి వస్తే గట్టి వ్యాయామంలోకి వచ్చేశారు. వాచ్ ఒకటి, ఊపిరి ఒకటి చెప్తే నేను ఊపిరినే నమ్ముతాను. వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరుగానో, 75 నుంచి 150 నిమిషాలు గట్టిగానో చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా. దానికి ఈ పద్యం చాలు. ఫ్యాట్ బర్నింగ్ జోన్ అని వాచ్‌లో వచ్చేదాన్ని పట్టించుకోకండి. నెమ్మదిగా నడిస్తే ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువ ఉంటుంది గానీ మొత్తం ఖర్చే తక్కువ.

మన వాతావరణం గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో విజయవాడలోనో పొద్దున ఏడు దాటాక నడిస్తే, జనవరిలో నడిచిన వేగానికే హార్ట్ రేట్ పది, పదిహేను ఎక్కువ చూపిస్తుంది. ఒళ్లు చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు కూడా పంపాలి, చెమటతో నీరు పోతుంది. విశాఖలో ఎండ లేకపోయినా ఉక్కపోతకి అదే జరుగుతుంది. ఒకే వేగంతో గంటసేపు నడిచినా చివర్లో అంకె ఎక్కువ కనిపిస్తుంది. అలాంటప్పుడు వేగం తగ్గించుకోండి, అంతే.

అయినా అసలు గరిష్ఠం తెలుసుకోవాలని ఉంటే, మీ విషయంలో టీఎంటీ బాగుంది కాబట్టి ఇంకో రెండు మూడు నెలలు నిలకడగా జాగింగ్ చేశాక ప్రయత్నించవచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లున్నవారు, 40 దాటి ఇంతవరకు ఏ పరీక్షా చేయించుకోనివాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి వెళ్లకండి. మనవాళ్లకి గుండెజబ్బు పాశ్చాత్యుల కంటే చిన్న వయసులోనే వస్తుంది, ఈ జాగ్రత్త ఊరికే చెప్పట్లేదు. ఛాతీ పట్టీ పెట్టుకుని పావుగంట తేలిగ్గా పరుగెత్తి ఒళ్లు వేడెక్కించండి. తర్వాత ఓ మోస్తరు ఎత్తున్న రోడ్డు మీద రెండు, మూడు నిమిషాల చొప్పున మూడుసార్లు ఎక్కండి, ప్రతిసారీ ముందుదానికంటే గట్టిగా. మధ్యలో నడుస్తూ దిగండి. మూడోసారి చివరి అర నిమిషంలో ఇక చేతకాదన్నంత వేగం పెట్టండి. పట్టీ చూపించిన అతి పెద్ద అంకె మీ గరిష్ఠానికి చాలా దగ్గర. జ్వరం తగ్గిన వారంలో, నిద్రలేని రాత్రి తర్వాత, భోజనం చేసిన వెంటనే, ఎండలో, ఒంటరిగా చేయకండి. ఇలా వచ్చిన అంకె పరుగుకే. సైకిల్ మీద అది అయిదు నుంచి పది తక్కువ ఉంటుంది, ఈతలో ఇంకా తక్కువ.

రోజూ చూసుకోదగ్గ అంకె ఇంకొకటి చెప్తాను. గట్టిగా చేసి ఆపి, నెమ్మదిగా నడుస్తూ సరిగ్గా ఒక్క నిమిషంలో హార్ట్ రేట్ ఎంత తగ్గిందో చూడండి. 1999లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రి వైద్యులు, ఆ మొదటి నిమిషంలో 12 లేదా అంతకంటే తక్కువ తగ్గితే మంచి సూచన కాదని చూపించారు. సాధన పెరిగేకొద్దీ ఈ దిగడం వేగం పుంజుకుంటుంది. గరిష్ఠం మీ చేతిలో లేదు, ఇది ఉంది.

మీ ఆవిడ విషయానికి వస్తాను. ఆడవాళ్లకి విడిగా ఒక లెక్క ఉంది. 2010లో షికాగోలో మార్తా గులాటీ బృందం 5,437 మంది మహిళల పరీక్షల నుంచి ఇచ్చింది. వయసుని 0.88తో గుణించి 206లోంచి తీసేయాలి. ఆవిడ 42కి అది 169. పాత లెక్క 178 అంటుంది. కానీ ఆవిడ సమస్య ఈ అంకెలది కాదు. కాస్త నడిస్తేనే దడగా ఉంటోందంటే ముందు రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే అంతే ఆక్సిజన్ పంపడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. ఫిట్‌నెస్ లేదని ఆవిణ్ణి అనకండి, ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఉందేమో కూడా చూడండి. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష కూడా అదే రోజు చేయించండి. థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైతే పడుకున్నప్పుడు కూడా పల్స్ ఎక్కువ ఉంటుంది, దడ వస్తుంది. ఆ రెండూ సరయ్యాక మీరు వేసుకున్న లెక్కే ఆవిడకీ వేయవచ్చు.

నాన్నగారికి మాత్రం ఏ సూత్రమూ పనికిరాదు. మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసొప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. మోతాదుని బట్టి గరిష్ఠం ఇరవై, ముప్పై, ఒక్కోసారి అంతకు మించి తగ్గుతుంది. డిల్టియాజెమ్, వెరపమిల్, ఐవాబ్రాడిన్ కూడా వేగం తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ లాంటి మిగతా బీపీ మాత్రలతో గరిష్ఠం పెద్దగా మారదు. ఆయన్ని 149లో 70 శాతం అంటూ 104కి తీసుకెళ్లాలని తోస్తూ ఉంటే ఆయనకది చాలా కష్టమైన పని అయిపోవచ్చు. అంకె రావడంలేదని మాత్ర మానేయించడం ఇంకా ప్రమాదం. బీటా బ్లాకర్ హఠాత్తుగా ఆపితే బీపీ, గుండె వేగం ఎగిసిపడతాయి, గుండెనొప్పి కూడా రావచ్చు.

ఆయనకి శ్రమ ఎంత అనిపిస్తోందో అడగడమే కొలత. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ దీనికి 6 నుంచి 20 దాకా ఒక స్కేల్ పెట్టారు. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 11 తేలిక, 13 కొంచెం కష్టం, 15 కష్టం, 20 ఇక అడుగు వేయలేను. నాన్నగారు 11, 13 మధ్యలో ఉండాలి. ఆయనకి ఈ అంకెలు నచ్చకపోతే, మీతో ఇంటి విషయాలు మాట్లాడుతూ నడవగలగాలని చెప్పండి. మీ కార్డియాలజిస్ట్‌ని కలిసినప్పుడు, మాత్ర వేసుకున్నాకే టీఎంటీ చేయించాలా అని అడగండి. జబ్బు ఉందో లేదో తేల్చడానికి ఒక్కోసారి మాత్ర ఆపించి చేస్తారు, అది డాక్టర్ చెప్తేనే. ఆయన ఎంత నడవవచ్చో తేల్చడానికైతే రోజూ ఎలా మాత్ర వేసుకుంటారో అలాగే చేయాలి.

తిరుమల గురించి. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. సమతలం మీద గంట నడిచేవాళ్లకి కూడా మెట్లు వేరు, కొద్ది నిమిషాల్లోనే హార్ట్ రేట్ బాగా పెరుగుతుంది. మొదట్లో గాలిగోపురం దాకా నిలువు మెట్లు, ఉత్సాహంలో అందరూ వేగంగా ఎక్కేసి అక్కడే అలిసిపోతారు. మధ్యలో దారి తేలిక. మళ్లీ చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర కష్టం. ఇప్పటినుంచే వారానికి మూడు రోజులు నాన్నగారిని మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కించండి, లిఫ్ట్‌లో దింపండి. మోకాళ్లకి దెబ్బ దిగడంలోనే ఎక్కువ. నాన్నగారు అయిదు అంతస్తులు మాట్లాడుతూ ఎక్కగలిగేదాకా వేచి చూడండి. డిసెంబరుకి అది రాకపోతే ఆయన్ని బస్సులో పంపి మీరిద్దరూ నడవండి, మొక్కు ఏ రూపంలో తీర్చినా స్వామి కాదనడు. కొండ ఎక్కేరోజు ఆయన మాత్ర మామూలు వేళకే వేయండి. కొంతసేపు ఎక్కగానే అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి, ఆయాసం వచ్చాక కాదు, రాకముందే.

ముగ్గురికీ వర్తించే మాట, వాచ్‌లో ఏ అంకె ఉన్నా సరే. ఛాతీ మధ్యలో బరువుగా పట్టేసినట్టుంటే, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే, చల్లటి చెమటలు పడితే, కళ్లు తిరిగితే, గుండె తాళం తప్పినట్టు గందరగోళంగా కొట్టుకుంటే అక్కడే ఆగి కూర్చోవాలి. గ్యాస్ పట్టింది, సోడా తాగితే పోతుందని మనవాళ్లు గంటలు గడిపేస్తారు. ఆ గంటల్లోనే గుండె కండరం పోతుంది. కూర్చున్న కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, సొంతంగా బండి నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లకండి. తగ్గిపోయినా ఆ రోజే ఈసీజీ తీయించుకోండి, ఈసీజీ బాగానే ఉన్నా డాక్టర్‌కి ఏం జరిగిందో పూర్తిగా చెప్పండి. కదలకుండా పడుకున్నప్పుడు తీసిన ఈసీజీలో అన్నీ కనపడవు.

మీ యాప్‌లో ఆ జాగింగ్ రోజు హార్ట్ రేట్, అడుగులు రెండు గ్రాఫ్‌లూ, మీ ఆవిడ హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ రిపోర్టులూ పెట్టండి, చూసి చెప్తాను. ఈలోపు మీరు 114 నుంచి 133 మధ్యలో, పద్యం చదువుకుంటూ నడవండి. జాగింగ్ మానక్కర్లేదు.